మూడో ఫిల్టరు నీళ్ళు

బుధవారం పొద్దున్న ఎనిమిదింటికి ప్లాంటు గేటు దాటగానే సీసాలమ్మ ముక్కుకి ఘాటు తగిలింది. బ్లీచింగ్ పౌడరు వాసన ఆ ఆవరణలో కొత్తేమీ కాదు. కాకపోతే అది రావలసింది చివరి గదిలోంచి, నీళ్ళు ఊళ్ళోకి వెళ్ళే చోటునుంచి. ఇవాళ ఫిల్టర్ల షెడ్డులోంచి వస్తోంది. చేతిసంచీ లాబ్‌లో పెట్టకుండానే ఆమె అటు నడిచింది.

ఇరవై రెండేళ్ళుగా రోజూ పొద్దున్నే వైరు బుట్టలో ఆరు గాజు సీసాలు పెట్టుకుని, కుళాయి కుళాయికీ తిరిగి నీళ్ళు పట్టి పరీక్ష చేసే మనిషి కాబట్టి అక్కడ అందరూ ఆమెని సీసాలమ్మ అనేవాళ్ళు. ముందు వెనకాల అన్నారు, తర్వాత ఎదురుగానే అన్నారు. ఆమె కూడా ఫోనెత్తి “సీసాలమ్మని మాట్లాడుతున్నా” అనేంత దాకా వచ్చింది.

షెడ్డులో నాలుగు సిమెంటు తొట్లు, ఒక్కోటీ ఓ గదంత. లోతు బోర్లలోంచి వచ్చిన నీళ్ళు మెట్ల మీదుగా దూకి, గాలి పీల్చుకుని, తొట్లలో ఉన్న ఇసుకలోకి దిగుతాయి. నడిచే దారి పక్కనున్న మొదటి రెండు తొట్లలో ఇవాళ నీళ్ళు తెల్లగా, పాలు కలిపినట్టున్నాయి. పొడుగమ్మ చీర మోకాళ్ళ పైకి దోపి, పొడుగాటి కర్రకి కట్టిన బ్రష్షుతో గోడలు రుద్దుతోంది. ప్లాంటంతా ఊడ్చి కడిగే మనిషి ఆవిడ. ఆరడుగులకి అంగుళం తక్కువ. గోడలకి పట్టిన గోధుమరంగు జిగురు బ్రష్షు కింద పెచ్చులు పెచ్చులుగా ఊడి, తెల్లనీళ్ళలో పడి కరిగిపోతోంది.

ఇసుక తాత కవాటం చక్రం పక్కన గట్టు మీద కూర్చున్నాడు. ఆ ఫిల్టర్లని చూసుకునేది ఆయనే. ఇంకో ఏడాదిలో పని మానేస్తాడు. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని ఖాళీగా కూర్చోవడం సీసాలమ్మ ఎప్పుడూ చూడలేదు.

“ఎవరు పొయ్యమన్నారు తాతా?”

“ఇంకెవరు. సోమవారం పై నుంచి పెద్దవాళ్ళు చూడ్డానికొస్తున్నారట. గోడలకి పాచి కనబడకూడదట.”

“నువ్వు చెప్పలేదా?”

“చెప్పాను. విన్నాడు. పొయ్యమన్నాడు.”

మాటల్లోనే ఇంజినీరు వచ్చాడు. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. ఇస్త్రీ చొక్కా, చేతిలో సెల్‌ఫోను. మనిషి మర్యాదస్తుడే, ఎవరినీ ఏకవచనంతో పిలవడు.

“సర్, అది పాచి కాదండి” అంది సీసాలమ్మ. “మన బోరు నీళ్ళలో అమ్మోనియా ఎక్కువ. ఇసుకకి పట్టిన ఆ జిగురులోనే దాన్ని తినే సూక్ష్మజీవులున్నాయి. ఇక్కడ పని చేసేది మందు కాదు, అవే. బ్లీచింగ్ పోస్తే చచ్చిపోతాయి.”

“ఏడాదికోసారి క్లోరిన్‌తో కడగమని పుస్తకంలో ఉంది కదండీ.”

“అది మామూలు ఫిల్టర్లకి సర్.”

“పల్చగానే కలిపించాను. రెండింటికే. మూడు, నాలుగు ముట్టుకోవడం లేదు, అవి ఆ మూల చీకట్లో ఉన్నాయి, ఎవరూ చూడరు.” తొట్టి గోడ వైపు చూపిస్తూ, “వచ్చేవాళ్ళు ఫొటోలు తీస్తారు మేడం. జిగురుతో నీళ్ళు శుభ్రం చేస్తున్నామని నేను ఎవరికి చెప్పను?” అన్నాడు. ఫోను మోగితే మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు.

పొడుగమ్మ బ్రష్షు ఆపి, ముఖం మోచేత్తో తుడుచుకుంది. “తెలియక అడుగుతాను, ఇందులో నిజంగా పురుగులున్నాయా? నేను చంపుతున్నానా?”

“కంటికి కనబడవులే” అన్నాడు తాత. “రెండు రకాలు. మొదటివి అమ్మోనియాని తిని, నైట్రైట్ అని ఇంకోటి వదుల్తాయి. ఆ ఎంగిలి తినేవి రెండోవి. అవి తిన్నాకే నీళ్ళు మంచివవుతాయి. మొదటివి మొండివి, ఈ ఘాటుకి సగమన్నా బతుకుతాయి. ఎంగిలి ఎత్తేవే సుకుమారం. ముందు పోయేది అవే.”

“ఎక్కడైనా అంతేగా” అంది పొడుగమ్మ, మళ్ళీ బ్రష్షెత్తుతూ.

గురువారానికి మొదటి రెండు తొట్లలోని ఘాటు నీళ్ళు వదిలేసి, మంచినీళ్ళతో కడిగి, మళ్ళీ సరఫరాలో పెట్టేశారు. ఆ రెండింటి నీళ్ళూ దిగువ ఊరి ట్యాంకుకి వెళ్తాయి. మూడు, నాలుగింటివి ఎగువకి. ఆ రోజు దిగువ నీళ్ళలో అమ్మోనియా పరీక్ష మందు చుక్క పడగానే పసుపు రంగు తేలింది. అది సీసాలమ్మ ఊహించిందే. శుక్రవారం తేలింది వేరు.

నైట్రైట్ పరీక్షకి నీళ్ళలో రెండు మందులు చుక్కలు చుక్కలుగా వేసి పది నిమిషాలు వదిలెయ్యాలి. నీళ్ళు బాగుంటే అలాగే ఉంటాయి, మహా అయితే పింగాణీ పలక మీద పెట్టి చూస్తే గులాబీ ఛాయ ఉందా లేదా అన్నట్టుంటుంది. ఇరవై రెండేళ్ళలో ఆ రంగు కోసం ఆమె కళ్ళు చికిలించి వెతుక్కోవలసి వచ్చేది. ఇవాళ మందు వేసి వెనక్కి తిరిగి స్టూలు లాక్కునే లోపు పరీక్ష చేసే గాజు గొట్టం ఎర్రబారింది. పది నిమిషాలకి బీట్‌రూట్ ఉడికించిన నీళ్ళలా అయింది. గొట్టానికే ఏదైనా అంటిందేమో అని యాసిడ్‌తో కడిగి, మళ్ళీ చేసింది. పది వంతులు మంచినీళ్ళు కలిపి పల్చన చేసి ఇంకోసారి చేసింది. నాలుగు పాయింటు ఆరు. ఉండదగింది మహా అయితే అర.

మొదటి రకం బతికి తింటూనే ఉన్నాయి. వాటి ఎంగిలి ఎత్తే దిక్కు లేదు.

ఆమె చేతులు తుడుచుకుని ఇంజినీరు గదికి వెళ్ళింది. ఆయన కూర్చోమన్నాడు, అటెండరు చేత టీ తెప్పించాడు, చెప్పిందంతా విన్నాడు.

“తాగితే ఏమవుతుంది?”

“పెద్దవాళ్ళకి ఏమీ కాదు సర్. మూడు నెలల లోపు పసిపిల్లలకి ప్రమాదం. సీసా పాలు తాగేవాళ్ళకి. రక్తానికి గాలిని మోసే గుణం పోతుంది. పెదాలు నీలం తిరుగుతాయి. కాచినా పోదు సర్, కాచేకొద్దీ నీళ్ళు తగ్గి ఇంకా చిక్కబడుతుంది.”

“తల్లిపాలు తాగేవాళ్ళకి?”

“వాళ్ళకేం ఫరవాలేదు.”

“అలాంటప్పుడు ఎంతమంది ఉంటారండీ? మూడు నెలల లోపు, అందులో సీసా పాలు, అందులో దిగువ ఊరు.” ఆయన వేళ్ళు ఒక్కొక్కటే ముడిచాడు. “ఇప్పుడు రెండు ఫిల్టర్లూ ఆపితే దిగువకి చుక్క నీళ్ళుండవు. బిందెలు పట్టుకుని అందరూ గేటు ముందుంటారు. సోమవారం దాకా ఓపిక పట్టండి. వాళ్ళ కారు గేటు దాటగానే ఆపించేస్తాను. అంతవరకు పాత నంబరే రాయండి.”

ఆమె టీ తాగలేదు. గ్లాసు పట్టుకుని కూర్చుంది.

“ఇంకో మాట” అన్నాడు ఆయన, గొంతు తగ్గించి. “ఈ లాబ్ ఉంచాలా, బయటి సంస్థకి ఇచ్చెయ్యాలా అన్నది వచ్చేవాళ్ళే తేలుస్తారు. ఉంచమనే నేను చెప్పాలనుకుంటున్నాను. మీ ఇరవై రెండేళ్ళ రిజిస్టర్లు చూపించి. ఇలాంటప్పుడు బయట ఒక్క మాట పొక్కినా, ఇక మీకోసం నేను ఏం మాట్లాడగలను చెప్పండి?”

అలాంటి పిల్లలు సీసాలమ్మకి తెలిసినవాళ్ళు ఇద్దరున్నారు. ఒకరు తన మనవరాలు, రెండున్నర నెలలు. ఇంకొకరు పొడుగమ్మ మనవడు, నెలన్నర.

లాబ్‌కి తిరిగొచ్చి రిజిస్టరు తీసింది. పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసింది. తేదీ వేసింది. దిగువ ట్యాంకు, నైట్రైట్, సున్నా పాయింటు సున్నా రెండు. పక్కన సంతకం. ఆ సంతకం ఎప్పటిలాగే గుండ్రంగా, చదవడానికి వీలుగా పడింది.

సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు, లాబ్‌లో నమూనాలకి తెప్పించిన ఐదు లీటర్ల కొత్త డబ్బా ఒకటి తీసి కడిగి, మూడో ఫిల్టరు నమూనా కుళాయి కింద పెట్టింది.

ఇంట్లో కూతురు పాపని భుజాన వేసుకుని వీపు నిమురుతోంది. కాన్పు తర్వాత వచ్చిన జ్వరానికి దానికి పాలు ఎండిపోయాయి. డబ్బా చూసి, “ఇవెక్కడి నీళ్ళమ్మా?” అంది.

“పాపకి ఇవే వాడు. కుళాయి నీళ్ళు వద్దు.”

“ఏం?”

“పైపులు మారుస్తున్నారు. తుప్పు వస్తుంది.”

“అలాగైతే పైవాటా వాళ్ళకీ చెప్తాను.”

“వాళ్ళింట్లో పసిపిల్లలెవరున్నారు? ఊరికే అందర్నీ కంగారుపెట్టకు” అంది సీసాలమ్మ. కూతురు ఒక్క క్షణం అమ్మ వంక చూసి, పాప కక్కుతుంటే భుజం మీద గుడ్డ సర్దుకుంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

శనివారం పదింటికి పొడుగమ్మ లాబ్ తుడవడానికొచ్చింది. రోజూ వాళ్ళిద్దరికీ అక్కడో పావుగంట కబుర్లు. రెండు నెలలుగా ఆ కబుర్లన్నీ పిల్లల గురించే. పొడుగమ్మ కోడలికి ఇరవై ఏళ్ళు, మనిషి పీలగా ఉంటుంది, బిడ్డకి సరిపడా పాల్లేవు. ఏ పాలపొడి కొనాలో, ఎన్ని చెంచాలు వెయ్యాలో చెప్పింది సీసాలమ్మే. నీళ్ళు బాగా కాచి కలపమనీ, ఏం భయం లేదనీ చెప్పింది కూడా ఆమే.

“మావాడికి నిన్నటి నుంచి విరేచనాలమ్మా” అంది పొడుగమ్మ, బల్ల కింద గుడ్డ తిప్పుతూ. “పాలు కక్కుతున్నాడు. నీళ్ళు మీరు చెప్పినట్టే కాస్తున్నాం. సగానికి మరిగిపోయేదాకా దించనివ్వట్లేదు నేను.”

సీసాలమ్మ చేతిలో గొట్టం ఉంది. అందులో ఎరుపు అప్పుడే దిగుతోంది. దాన్ని స్టాండులో, పొడుగమ్మకి కనబడని వైపు పెట్టింది.

“అంతసేపు కాచనక్కర్లేదు” అంది.

“అక్కర్లేదా?”

“అక్కర్లేదు. డాక్టరుకి చూపించకూడదూ?”

“సోమవారం అయ్యాక చూపిస్తాను. రేపూ ఎల్లుండీ సెలవు పెట్టొద్దన్నారు కదా.”

అక్కడే చెప్పెయ్యాలి. ‘కుళాయి నీళ్ళు పొయ్యకు’, మూడు మాటలు. నోటిదాకా వచ్చాయి. పొడుగమ్మకి తెలిస్తే మధ్యాహ్నానికి వాళ్ళ వీధికి తెలుస్తుంది, సాయంత్రానికి దిగువ ఊరంతా గేటు ముందుంటుంది, మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇంజినీరు ఎవరినీ అడగక్కర్లేదు. సీసాలమ్మ “ఆ కిటికీ కూడా కాస్త తుడు” అంది.

సాయంత్రం ఆమె డబ్బా నింపుకుని వస్తుంటే పొడుగమ్మ ఎదురొచ్చి చేతిలోంచి లాక్కుంది. “మీకు నడుంనొప్పి కదమ్మా, ఇలా ఇవ్వండి.” బస్సాగే చోటు దాకా మోసుకొచ్చింది. దారిలో నవ్వుతూ, “ఏంటమ్మా, మూడో ఫిల్టరు నీళ్ళు అంత తియ్యగా ఉంటాయా?” అని అడిగింది.

“లాబ్ పనికిలే” అంది సీసాలమ్మ.

బస్సు కదిలేదాకా పొడుగమ్మ అక్కడే నిలబడింది. డబ్బా ఒలక్కుండా సీటు కింద ఎలా పెట్టుకోవాలో కిటికీ బయటి నుంచి చేత్తో చూపిస్తోంది.

ఆదివారం చెప్దామనుకుంది. కానీ ఆదివారం ప్లాంటు నిండా మనుషులే. సున్నం వేసేవాళ్ళు, మొక్కలు పాతేవాళ్ళు, కుర్చీలు దింపేవాళ్ళు. ఎక్కడ చూసినా ఇంజినీరే. చెప్పే సందు దొరకలేదని సీసాలమ్మ తనకి తాను చెప్పుకుంది. నిజానికి దొరికింది. మధ్యాహ్నం అన్నం వేళ పొడుగమ్మ ఒక్కతే మెట్ల మీద కూర్చుని అన్నం గిన్నె మూత తీసుకుంటోంది. సీసాలమ్మ పది అడుగుల దూరంలోంచి చూసి, పక్కకి తిరిగి వెళ్ళిపోయింది. ఆ రోజు గొట్టంలో తేలింది ఐదు పాయింటు ఎనిమిది. రిజిస్టరులో రాసింది సున్నా పాయింటు సున్నా రెండు.

సోమవారం పదకొండింటికి కార్లొచ్చాయి. పెద్దవాళ్ళు ఐదుగురు, వాళ్ళ వెనక మరో పదిమంది. మొదటి రెండు తొట్ల దగ్గర నిలబడ్డారు. గోడలు అద్దంలా ఉన్నాయి, అడుగున ఇసుక తెల్లగా మెరుస్తోంది. ఒకాయన వంగి చూసి “ఇలా ఉండాలి” అన్నాడు. ఇంజినీరు వాళ్ళకి గాజు గ్లాసుల్లో నీళ్ళిప్పించాడు. అవి నాలుగో ఫిల్టరు నీళ్ళని సీసాలమ్మకి తెలుసు, పొద్దున్న ఆయన నింపించుకుంటుంటే చూసింది. అందరూ తాగారు. ఫొటో తీసుకున్నారు.

ఆమె లాబ్ గుమ్మంలో ఉతికిన తెల్లకోటు వేసుకుని నిలబడి ఉంది. వాళ్ళు తర్వాత రావలసింది అక్కడికే. ఇసుక తాత గోడవారగా వచ్చి ఆమె పక్కన ఆగాడు.

“పొడుగమ్మ రాలేదు, చూశావా?”

“చూశాను.”

“మనవణ్ణి పెద్దాసుపత్రిలో పెట్టారు. పొద్దున్న పెదాలు నల్లబడ్డాయట. గోళ్ళు కూడా.” తాత ఆమె ముఖం వంక చూడలేదు. తొట్ల వైపే చూస్తున్నాడు. “ఎంగిలి ఎత్తేవి లేకపోతే ఏమవుతుందో నాకంటే నీకే బాగా తెలుసు కదమ్మా. నంబరు నన్నడిగితే నేను చెప్పలేను. గోడ మీద రంగు చూసి చెప్పేవాణ్ణి, ఆ గోడే లేకుండా చేశారు.”

సీసాలమ్మ కోటు విప్పి కుర్చీ మీద వేసింది. పెద్దవాళ్ళు నవ్వుకుంటూ ఇటే వస్తున్నారు. ఇంజినీరు ఆమెని చూపిస్తూ ఏదో చెప్తున్నాడు. ఆమె వాళ్ళకి ఎదురుగా వెళ్ళి, పక్కనుంచి దాటి, గేటు బయటికి నడిచింది. వెనక ఎవరో పిలిచారు.

ఆసుపత్రిలో పిల్లల వార్డు రెండో అంతస్తు. వరండాలో పొడుగమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. అంత పొడుగు మనిషీ సగమైనట్టు కనబడింది. సీసాలమ్మని చూసి రెండు చేతులూ పట్టుకుంది. “వచ్చారా అమ్మా. గుండె జబ్బంటున్నారు. పెద్ద ఊరు తీసుకుపొమ్మంటున్నారు, నాలుగు గంటల దారి. గాలి పెట్టినా నలుపు తగ్గట్లేదమ్మా.”

డాక్టరు లోపలి నుంచి కాగితాలతో వచ్చింది. చిన్నవయసు. కళ్ళకింద నిద్రలేని చారలు.

“డాక్టరు గారూ, నేను నీళ్ళ ప్లాంటులో పరీక్షలు చేస్తాను” అంది సీసాలమ్మ. “బాబు దిగువ ఊరి నీళ్ళతో సీసా పాలు తాగుతున్నాడు. ఆ నీళ్ళలో నైట్రైట్ ఉంది. ఐదు పాయింటు ఎనిమిది.”

డాక్టరు చేతిలో కాగితాలు అలాగే ఆగిపోయాయి. ఇంకేమీ అడక్కుండా లోపలికి వెళ్ళింది. తలుపు సందులోంచి సీసాలమ్మకి కనబడింది, చిట్టి కాలి మడమ దగ్గర సూదిగుచ్చి తీసిన రక్తం తెల్లకాగితం మీద వేసి ఊపుతోంది. ఎర్రబడలేదు. టీ డికాషన్ రంగులోనే ఉండిపోయింది. నర్సు పరుగెత్తింది. విరుగుడుగా నీలంరంగు మందున్న చిన్న సీసా వచ్చింది.

అరగంట గడిచింది. పొడుగమ్మ ఆ అరగంటా సీసాలమ్మ చెయ్యి వదల్లేదు. తర్వాత లోపలి నుంచి ఏడుపు వినిపించింది. బలమైన, విసుగెత్తిన పసి ఏడుపు. డాక్టరు బయటికొచ్చి మాస్కు కిందికి లాక్కుంది. “రంగు వస్తోంది. సమయానికి వచ్చారు. ఆ దారిన పంపించేసి ఉంటే…” అని ఆపేసింది.

పొడుగమ్మ వంగి సీసాలమ్మ రెండు చేతులూ కళ్ళకి అద్దుకుంది. తడి తగిలింది. “మీరు నా పాలిట దేవతమ్మా” అంది.

“ఇది నేను పైకి తెలియజేయాలి” అంది డాక్టరు, జేబులోంచి పెన్ను తీస్తూ. “ఎప్పటి నుంచి ఉంది నీళ్ళలో?”

సీసాలమ్మ చేతులు ఇంకా పొడుగమ్మ చేతుల్లోనే ఉన్నాయి. సోమవారం అంటే ఎవరికీ తెలియదు. ఇవాళే బయటపడింది, తెలియగానే పరుగెత్తుకొచ్చాను అంటే సరిపోతుంది.

“శుక్రవారం నుంచి” అంది.

డాక్టరు రాసుకుని, ఆమెని ఓసారి పైనుంచి కిందికి చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

పొడుగమ్మ చేతులు వెంటనే వదల్లేదు. నెమ్మదిగా, ఒక్కో వేలే వదిలింది.

“ఆ డబ్బా పాప కోసమా?” అని అడిగింది.

“అవును.”

“నేనే మోశాను కదా.”

పొడుగమ్మ చీర కొంగుతో అరచేతులు తుడుచుకుని వార్డులోకి వెళ్ళింది. తలుపు చప్పుడవకుండా వేసింది.

మంగళవారం సీసాలమ్మ అందరికంటే ముందు ప్లాంటుకి చేరింది. రిజిస్టరు తీసి, శుక్రవారం, శనివారం, ఆదివారం, మూడు వరసలూ ఎర్రసిరాతో కొట్టేసి, పైన అసలు నంబర్లు రాసింది. పక్కన ‘తెలిసే తప్పు రాశాను’ అని సంతకం పెట్టింది. దాన్ని తీసుకెళ్ళి ఇంజినీరు బల్ల మీద తెరిచిపెట్టి నిలబడింది. రాత్రంతా ఆమె ఈ క్షణం కోసమే సిద్ధమైంది. ఆయన అరిస్తే ఏమనాలో, సస్పెన్షన్ కాగితం చేతికిస్తే ఎలా తీసుకోవాలో అన్నీ అనుకుంది.

ఆయన చదివి, రిజిస్టరు మూసి ఆమెకే ఇచ్చేశాడు.

“నిన్న మీరలా వెళ్ళిపోయినా ఏమీ అనుకోలేదు వాళ్ళు. ఆసుపత్రి పని అని చెప్పాను. లాబ్ ఉంచుతున్నారు” అన్నాడు. “ఆసుపత్రి నుంచి కూడా అడిగారు, ఒకటి, రెండు ఫిల్టర్లు రాత్రే ఆపించేశానని చెప్పాను. మూడోదాంట్లోంచి ఇసుక తెచ్చి వీటిలో కలపమని తాతకి చెప్పాను. నెల పడుతుందట. ఎగువకి ఒక పూట, దిగువకి ఒక పూట ఇద్దాం.”

“పైపుల్లో, ట్యాంకులో ఉన్న నీళ్ళు ఇంకో రెండు రోజులు వస్తాయి సర్. ఊళ్ళో చెప్పించాలి.”

“ఆపేశాక ఇంకా చెప్పడమేంటండీ, లేని భయం. బాబు కూడా బాగున్నాడుగా?”

“ఈ రిజిస్టరు?”

“మీ రిజిస్టరు మీ ఇష్టం. వాళ్ళ రిపోర్టు పాత నంబర్లతో నిన్ననే పైకి వెళ్ళిపోయింది” అని ఫోనెత్తాడు.

ఆమె రిజిస్టరు గుండెకి ఆన్చుకుని లాబ్‌కి తిరిగొచ్చింది. నేల రెండు రోజులుగా తుడవలేదు. ఆమె అడుగులు ఆమెకే కనబడుతున్నాయి.

బుధవారం సాయంత్రం బాబుని ఇంటికి పంపారని తెలిసి, డబ్బా నిండా మూడో ఫిల్టరు నీళ్ళు పట్టుకుని పొడుగమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. ఇరుకు వీధి. ఒకదాన్నొకటి ఆనుకున్న ఇళ్ళు. ఎవరినడిగినా చూపించారు. తిడతారని అనుకుంది. తిట్టాలని కూడా కోరుకుంది.

ఎవరూ తిట్టలేదు. పొడుగమ్మ కొడుకు లేచి కుర్చీ వేశాడు. సామాన్ల బండి తోలతాడు, ఇప్పుడే పని నుంచి వచ్చినట్టున్నాడు, చొక్కాకి సిమెంటు దుమ్ము. “మీ గురించి అమ్మ రోజూ చెప్తుంది మేడం. ఆసుపత్రిలో మీరు లేకపోతే మావాడు లేడట” అన్నాడు. బాబు మంచం మీద పిడికిళ్ళు బిగించి నిద్రపోతున్నాడు. పెదాలు ఎర్రగా ఉన్నాయి. పొడుగమ్మ పొయ్యి దగ్గర అటు తిరిగి ఏదో కలుపుతోంది.

కోడలు పెరటి గుమ్మంలో పీట మీద కూర్చుని పాలసీసా కడుగుతోంది. వేడినీళ్ళ గిన్నెలో ముంచి, సన్న బ్రష్షు లోపల తిప్పి, వెలుగుకి పెట్టి చూసి, మళ్ళీ ముంచుతోంది. పక్కన అలా కడిగి బోర్లించినవి ఇంకో రెండున్నాయి. పిల్ల చేతులు మణికట్టు దాకా ఉడికి ఎర్రబడ్డాయి.

“అదే కడుగుతూ ఉంటుంది పొద్దున్నించీ” అన్నాడు కొడుకు, ఆ పిల్లకి వినబడేలా. “ముందే ఇంత శుభ్రంగా కడిగుంటే ఆసుపత్రి ఎందుకొచ్చేది? సీసాలో మురిగిన పాలుండిపోయి విషమయ్యాయట. అమ్మ చెప్పింది. పద్దెనిమిదో ఏట కాపురానికొచ్చినప్పటి నుంచి చెప్తున్నాం శుభ్రం, శుభ్రం అని.”

పిల్ల తలెత్తలేదు. బ్రష్షు ఇంకాస్త గట్టిగా తిప్పింది.

సీసాలమ్మ పొయ్యి వైపు చూసింది. పొడుగమ్మ గరిటె పక్కన పెట్టి వచ్చి, డబ్బా అందుకునే మిషతో వంగింది. “కాసేపు బయటికి రండి” అంది, నెమ్మదిగా. ఇద్దరూ గుమ్మం బయట నిలబడ్డారు.

“నీళ్ళని తెలిస్తే వీడు ఇప్పుడే వెళ్ళి మీ ఇంజినీరు గల్లా పట్టుకుంటాడు” అంది పొడుగమ్మ. “రేపు నన్ను గేట్లోకి రానివ్వరు. అందుకని చెప్పలేదు. మీకోసమనుకోకండి.”

“సీసా అని ఆ పిల్ల మీద…”

“ఏదో ఒకటి చెప్పాలి కదమ్మా. మీరు నాకు చెప్పకపోవడానికి మీకేదో ఉంది. నాకు నా పని ఉంది.” ఆవిడ గొంతులో కోపం లేదు. “నాలుగు రోజులు తిడతాడు, మర్చిపోతాడు. అది కూడా మర్చిపోతుంది. మీరు నీళ్ళిచ్చేసి వెళ్ళండి.”

వెళ్ళిపోతే సరిపోయేది. లాబ్ ఉంది, పొడుగమ్మ పని ఉంది, బాబు బతికాడు. లోపల గిన్నెలో సీసా ముంచిన చప్పుడైంది. మళ్ళీ బ్రష్షు తిప్పిన చప్పుడు.

సీసాలమ్మ లోపలికి నడిచింది. వెనక నుంచి పొడుగమ్మ చెయ్యి ఆమె మోచేతిని పట్టుకుంది. బలమైన చెయ్యి. ఒక్క క్షణం పట్టుకుని, వదిలేసింది.

“సీసా కాదు బాబూ” అంది సీసాలమ్మ, కొడుకుతో. “నీళ్ళు. ప్లాంటులో ఫిల్టర్లు కడిగి పాడుచేశారు. శుక్రవారమే నాకు తెలుసు. తెలిసి కూడా బాగున్నాయని రాసి సంతకం పెట్టాను. మా ఇంట్లో పాపకి వేరే నీళ్ళు తీసుకెళ్ళాను. మీకు చెప్పలేదు.”

అతను కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. ముఖంలో రంగు మారింది. ఆమె మీదికి వస్తాడనుకుంది. అతను తల్లి వంక చూశాడు. పొడుగమ్మ గుమ్మానికి ఆనుకుని నేల చూపులు చూస్తోంది. అది చాలింది అతనికి.

“ఇంకా వస్తున్నాయా ఆ నీళ్ళు?” అని అడిగాడు.

“రేపటి దాకా.”

“మా వీధిలో ఇంకా ముగ్గురున్నారు చంటిపిల్లలు” అన్నాడు. ఎవరితోనో కాదు, తనలో తను లెక్కేసుకున్నట్టు. “ఆ చివరింట్లో కవలలు. పంపు పక్కన ఒకళ్ళు.” చెప్పులు వేసుకోకుండానే బయటికి వెళ్ళాడు. మొదటి తలుపు తట్టడం, ఎవరో తియ్యడం, అతను గబగబా ఏదో చెప్పడం లోపలికి వినిపించాయి. తర్వాత ఇంకో తలుపు.

పొడుగమ్మ వచ్చి మంచం కోడు పక్కన కింద కూర్చుంది. నిద్రపోతున్న మనవడి కాలు మీద దుప్పటి సర్దింది.

“రేపటి నుంచి మీ గది ఎవరు తుడుస్తారో చూసుకోండి” అంది.

సీసాలమ్మ వెళ్ళడానికి తిరిగింది. పెరటి గుమ్మంలో కోడలు పీట మీదనుంచి లేచి నిలబడి ఉంది. చేతిలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ పిల్ల గొంతు సీసాలమ్మ వినడం అదే మొదటిసారి.

“అయితే నేను సీసా బాగానే కడిగానా అండీ?”

“బాగానే కడిగావమ్మా” అంది సీసాలమ్మ.